మైకమ్మ మూడో పిలుపు

మా బస్టాండులో ఆమె అసలు పేరు హాజరు పట్టీ రాసే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. డ్రైవర్లకీ కండక్టర్లకీ ఊడ్చేవాళ్ళకీ అందరికీ మైకమ్మే. పద్నాలుగు ప్లాట్‌ఫారాలకీ ఒక్కటే గొంతు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో, ఏది ఆలస్యమో, ఏది రద్దయిందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆమె కూర్చునే అద్దాల గది సరిగ్గా నా విచారణ కౌంటరు నెత్తిమీద ఉండేది. పదకొండు ఇనప మెట్లు. బస్సుల వేళలు రాసిన చీటీలు పైకి తీసుకెళ్ళి ఇవ్వడం నా పని. ఇరవైరెండేళ్ళు ఆ మెట్లు ఎక్కి దిగాను. నమ్మకపోతే నా మోకాళ్ళని అడగండి.

నా గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. ఎందుకంటే ఇందులో తప్పు నాది. నాకు మర్యాద భాషంటే పిచ్చి. బస్టాండులో గోడకి అతికించే ప్రతి నోటీసూ నా చేతిమీదుగానే పోయేది. 'ఇచ్చట ఉమ్మివేయరాదు' అన్న బోర్డుకి 'దయచేసి' తగిలించినవాణ్ణి నేనే. ఉమ్మేవాళ్ళు ఎప్పటిలాగే ఉమ్ముతూ ఉన్నారు, కానీ మర్యాదగా చెప్పామన్న తృప్తి నాకు మిగిలింది.

మైకమ్మకి ఇంట్లో ఇద్దరు: తల్లి, తమ్ముడు. తమ్ముడికి ముప్ఫై ఆరేళ్ళు. గడ్డం మీసం అన్నీ వేళకి వచ్చాయి, బుద్ధి మాత్రం ఆరేళ్ళ దగ్గర ఆగిపోయింది. ఇంట్లో వాడు చంటి. బడి రిజిస్టరులో ఇంకో పేరుండేది, అయిదక్షరాల బరువైన పేరు. బడికెళ్ళింది మూడు నెలలే కాబట్టి ఆ పేరు వాడికి అంటుకోలేదు. వాడేసిన బస్సు టికెట్లు దాచుకోవడం వాడి సరదా. అక్క డ్యూటీ దిగేటప్పుడు ప్లాట్‌ఫారం మీద పడున్నవి గుప్పెడు ఏరి తీసుకెళ్ళేది. వాటిని రంగుల ప్రకారం విడదీసి రేకు డబ్బాలో పేర్చుకునేవాడు.

మహా అలక మనిషి. మొదటిసారి పిలిస్తే, వెనక్కి తిరక్కుండానే "రాను పో" అనేవాడు. రెండోసారి పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మూడోసారి పిలిస్తే చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చేసేవాడు. ఆ ఇంట్లో అన్నానికైనా స్నానానికైనా మూడు పిలుపులు పడాల్సిందే. ఒకసారి మా మేనేజరు వాణ్ణి చూసి, పలకరింపుగా "ఏమండీ, బాగున్నారా?" అన్నాడు. వాడు ఠక్కున వెనక్కి తిరిగి, తన వెనకాల ఎవరున్నారా అని చూశాడు. ఎవరూ లేరు. అందరం పగలబడి నవ్వాం. అంత నవ్వి కూడా ఆ సంగతి నా బుర్రకెక్కలేదు.

వాడు తప్పిపోయింది మా బస్టాండులోనే. ఆ రోజు తల్లికి కళ్ళ పరీక్ష ఉండి, ఇంట్లో చూసేవాళ్ళు లేక, మైకమ్మ వాణ్ణి డ్యూటీకి వెంటబెట్టుకొచ్చింది. అద్దంలోంచి కనపడేలా కింద తన గదికి ఎదురుగా ఉన్న బెంచీమీద కూర్చోబెట్టింది. చేతికి టికెట్ల డబ్బా ఇస్తే పారబోసుకుంటాడని దాన్ని తన దగ్గరే పెట్టుకుంది. పదింటికి దూరప్రయాణం బస్సొకటి ప్లాట్‌ఫారం మారింది. ఆ మార్పుని ఆమె రెండుసార్లు చదివింది. జనం బిలబిలమంటూ అటు పరిగెత్తారు. చీటీలోంచి తలెత్తేసరికి బెంచీ ఖాళీ. జనంతోపాటు వాడూ పరిగెత్తి ఆ బస్సే ఎక్కేశాడో, ఇంకోటి ఎక్కాడో, గేటు దాటి రోడ్డున పడ్డాడో ఎవరికీ తెలియలేదు. జనాన్ని అటు పరిగెత్తించింది మాత్రం తన గొంతే. ఆ మాట ఆమె పైకి అన్నది ఒక్కసారే, అదీ నాతోనే. ఆ తరవాత ఎన్నడూ అనలేదు. మళ్ళీ ఆ మాట అంటే ఆమె బతకదేమోనని నాకనిపించేది.

పోలీసు స్టేషన్ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఫొటోలు అతికించింది. ఎక్కడో గుర్తు తెలియని మనిషి చనిపోయాడని కబురొస్తే రెండుసార్లు వెళ్ళి, గుడ్డ తీయించి మొహం చూసి వచ్చింది. రెండుసార్లూ మర్నాడు డ్యూటీకి వచ్చింది. కాదు బాబాయ్, వాడు కాదు అని నాతో చెప్పి పైకెళ్ళిపోయింది. నన్ను బాబాయ్ అనేది. తల్లి ఇంట్లో మూడు కంచాలు పెట్టడం మానలేదట, కూతురితో మాట్లాడటం మాత్రం మానేసిందట.

చివరికి మైకులో పిలుస్తానని మేనేజరుని అడిగింది. సొంత పనులకి మైకు వాడకూడదని ఆయన అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం విరామంలో వెళ్ళి మళ్ళీ ఆయన గుమ్మంలో నిలబడింది. ఆ మర్నాడూ అంతే. పద్నాలుగు రోజులు అన్నం మానేసి నిలబడింది. ఆమె నీడ పడకుండా అన్నం తినే రోజు ఎప్పుడొస్తుందో అనుకుని కాబోలు, రోజుకి ఒక్కసారి, పదకొండింటికి, స్టేషన్ పద్ధతి ప్రకారం రాసిన ప్రకటన అయితే చదువుకోమన్నాడు.

స్టేషన్ పద్ధతి అంటే నేనే కదా. ఆమె ఏదో చీటీమీద గీకి తెచ్చింది, బుద్ధి ఎదగనివాడు, అలిగి కూర్చుంటాడు అని. ఒక మనిషి గురించి నలుగురిలో అలా అంటామా అని అవన్నీ కొట్టేసి, నా గుండ్రటి అక్షరాలతో ఇలా రాసిచ్చాను: 'ప్రయాణికులకు విజ్ఞప్తి. శ్రీ ఫలానా గారు, వయస్సు ముప్పది ఆరు సంవత్సరములు, మన స్టేషను ఆవరణ నుండి కనిపించుట లేదు. వారు ఎక్కడ ఉన్ననూ తక్షణమే విచారణ కౌంటరు వద్దకు విచ్చేయవలసినదిగా కోరుచున్నాము.' ఫలానా అన్నచోట ఆ అయిదక్షరాల పేరు. రాసి, నకలొకటి కౌంటరు గోడకి అతికించి, ఒకసారి పైకి చదువుకుని మురిసిపోయాను కూడా.

అలా పది నెలలు పిలిచింది. ఒక్కరోజు మానలేదు. సెలవు రోజున కూడా పదకొండింటికి వచ్చి, చదివి, వెళ్ళిపోయేది. చదివాక అద్దానికి మొహం ఆనించి కౌంటరు వైపు చూస్తూ నిలబడేది. వరసలో ఎవరైనా గడ్డం మనిషి కనపడితే ఆమె వేళ్ళు అద్దంమీద బిగుసుకునేవి. కింద కూర్చున్న నాకు తల ఎత్తాలంటే భయమేసేది.

ఇక ఆమె ప్రార్థన. పొద్దున్నే మైకు తాలూకు పెట్టె వేడెక్కేలోపు, మైకు ఇంకా నొక్కకుండా, దానిమీద అరచెయ్యి వేసి కళ్ళు మూసుకునేది. చీటీలతో వెళ్ళినప్పుడు వినేవాణ్ణి. "తమరు దయవుంచి నా తమ్ముణ్ణి నా వద్దకు చేర్చవలసిందిగా కోరుతున్నాను" అనేది. ఆ మాట తీరు, ఆ ఆపడం, ఆ సాగదీయడం అంతా బస్సు ప్రకటనే. దేవుడు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తాడమ్మా అని ఒకసారి హాస్యమాడాను. నవ్వలేదు. ఆరో నెలలో అనుకుంటాను, నా నోటిదురద ఆగక, అడిగిందే అడిగితే దేవుడికైనా విసుగు పుట్టదా అన్నాను.

"కౌంటరు దగ్గర మిమ్మల్ని ఒకే బస్సు గురించి నలభైమంది అడుగుతారు కదా బాబాయ్. విసుక్కుంటారు. విసుక్కుంటూనే నలభైమందికీ చెప్తారు. మీకున్న పాటి ఓపిక ఆయనకి ఉండదా?" అంది.

మెట్లు దిగాను. మనకి ఆ నమ్మకం లేదు. ఉన్నవాళ్ళని చూస్తే ఒక్కోసారి జాలి, ఒక్కోసారి అసూయ.

పదో నెలలో పిడుగులాంటి వార్త. ఒకటో తారీఖు నుంచి మైకు గదిలో మెషీన్ పెడుతున్నారు. మనిషి అక్కర్లేదు. ఆ మెషీన్‌కి కావలసిన గొంతు మాత్రం ఆమెదే. ఒక ఇంజనీరు వచ్చి రెండు రోజులు ఆమెని గదిలో కూర్చోబెట్టి ముక్కలు ముక్కలుగా మాట్లాడించాడు. ఒకటి. రెండు. మూడు. ప్లాట్‌ఫారం. బయలుదేరును. ఆలస్యముగా. ఆ ముక్కలు అతికించుకుని మెషీనే అన్ని బస్సుల్నీ పిలుస్తుందట. ఆమె అన్నీ చెప్పి, ఆఖర్న ఇంకొక్క వాక్యం ఎక్కించమని ఇంజనీరు చేతులు పట్టుకుంది. ఆర్డరు లేదన్నాడు. మేనేజరు గుమ్మంలో మళ్ళీ నిలబడింది. ఈసారి ఆయన తలుపేసుకున్నాడు.

ఒకటో తారీఖుకి ఇంక ఆరు రోజులున్నాయనగా ఆమె గొంతు జీరపోయింది. ప్రార్థనలో 'కోరుతున్నాను' దగ్గరికొచ్చేసరికి మాట తెగిపోయేది. మళ్ళీ మొదటినుంచీ అందుకునేది. చీటీలు గడపమీద పెట్టేసి, లోపలికి వెళ్ళకుండా వచ్చేసేవాణ్ణి. చేతకాని మొహం వేసుకుని ఆమె ముందు నిలబడటంకంటే అదే నయమనిపించింది.

అప్పుడొచ్చింది ఊడ్చే పెద్దమ్మ. కొత్తగా మా స్టేషనుకి మారిన మనిషి. నెలరోజులైందేమో. నా కౌంటరు కింద చీపురు పెట్టి లాగుతూ, మాటవరసకి అన్నట్టు అడిగింది.

"ఆ పెద్దాయన దొరికాడా బాబూ?"

ఏ పెద్దాయన అన్నాను.

"అదే, రోజూ పదకొండింటికి పిలుస్తారే. శ్రీ అనీ, గారు అనీ. ఎవరో పెద్ద ఆఫీసరు అనుకున్నా. అంత పెద్దమనిషికి ఇంటికెళ్ళడం తెలీదా, ఏ కోపాన పోయాడో అనుకుని ఊరుకున్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. పది నెలలు. మూడువందల సార్లు. ఆ విజ్ఞప్తి విన్న వేలమందిలో ఒక్కడు కూడా టికెట్లు ఏరుకునే మనిషికోసం చూసి ఉండడు. అందరూ ఒక ఆఫీసరుకోసమే చూసి ఉంటారు. వాడే గనక ఏ స్తంభం పక్కనో కూర్చుని విన్నా, వెనక్కి తిరిగి ఎవరినా అని చూసి ఉంటాడు. వాణ్ణి ఎవరూ పిలవలేదు. నా మర్యాద మండిపోను, వాణ్ణి పిలవనివ్వలేదు నేను.

మెట్లెక్కి చెప్పాను. చెప్పడం అంటే, నిలబడి నీళ్ళు నమిలాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"మీరు రాశారు, సరే. చదివింది నేను కదా బాబాయ్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ భాషే మాట్లాడి మాట్లాడి, ఈ మైకు ముందు కూర్చుంటే నా నోటికి మా ఇంటి మాటే రాదు. వాణ్ణి గారు అన్నాను. దేవుణ్ణి తమరు అన్నాను. మా అమ్మ ఎప్పుడైనా దేవుణ్ణి మీరు అందా? నువ్వు అని దెబ్బలాడేది."

తలుపు వెయ్యమంది. వేశాను కానీ దిగలేదు. బయట రెండో మెట్టుమీద కూర్చుండిపోయాను. లోపల ఆమె గొంతు వినపడింది. జీరబోయిన ఆ గొంతులో ఇప్పుడు ప్రకటన లేదు.

"నువ్వున్నావో లేవో అని నేను ఒక్కరోజు అడగలేదు. ఉన్నావనే మాట్లాడుతున్నా. వాణ్ణి నాకివ్వు. నాకు ఇంకేం వద్దు. ఇవ్వకపోతే రేపూ అడుగుతా. మైకు పీకేస్తారట, పీకెయ్యనీ, మైకు లేకుండా అడుగుతా. చచ్చేదాకా అడుగుతా. నీకు నానుంచి తప్పించుకునే దారి లేదు, విన్నావా? ఇంక నావల్ల కావట్లేదు. వాణ్ణిచ్చెయ్యి."

ఆ తరవాత ఏడుపు. పది నెలల్లో నేను విన్న మొదటి ఏడుపు అది. నా కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి, దాచడమెందుకు.

మర్నాడు పదకొండింటికి ఆమె నా చీటీని మడిచి పక్కన పెట్టింది. మైకు నొక్కింది.

"ఒరేయ్ చంటీ!"

స్టీరింగు మీద చేతులు, మెట్లమీద కాళ్ళు, నోటి దగ్గర గ్లాసులు, ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఒరేయ్ చంటీ, అక్కనిరా. నీ టికెట్ల డబ్బా నా దగ్గరే ఉందిరా."

మేనేజరు గదిలోంచి ఊడిపడ్డాడు. నేను వెళ్ళి ఇనప మెట్లకి అడ్డంగా నిలబడ్డాను. నా లావు ఒళ్ళు ఎవరికైనా పనికొచ్చింది జీవితంలో ఆ ఒక్కరోజే. తప్పుకోమన్నాడు. మోకాళ్ళు పట్టేశాయండీ, కదల్లేకపోతున్నాను అన్నాను. పైనుంచి మూడోసారి కూడా పిలుపు వినపడింది. ఆ తరవాతే మోకాళ్ళు వదిలాయి.

ఆమెని ఆ పూటే మైకు గదిలోంచి దింపేసి సామాన్లు భద్రపరిచే గదికి వేశారు. నాకు మెమో ఇచ్చారు. ఒకటో తారీఖున మెషీన్ మాట్లాడటం మొదలుపెట్టింది. పెట్టెల మధ్య కూర్చుని ఆమె తన గొంతు తనే వినేది. అన్ని బస్సుల్నీ పిలిచేది ఆ గొంతు, ఒక్క మనిషిని తప్ప. ఆ రోజుల్లో ఆమె మొహం చూడలేకపోయేవాళ్ళం. అయినా పొద్దున్నే మైకు లేని బల్లమీద అరచెయ్యి వేసి, పెదాలు కదిలిస్తూ కనపడేది.

అయితే ఆ మూడు పిలుపులూ ఊరికే పోలేదు. దూరప్రయాణం బస్సు కండక్టరొకడు, బొంగురు గొంతు మనిషి, సామాన్ల గది దగ్గరికొచ్చి అడిగాడు: ఆ పిలుపు ఎలాగమ్మా, ఎక్కడ సాగదీయాలి? 'ఒరేయ్' పొట్టిగా అనాలనీ, 'చంటీ' చివర లాగాలనీ చెప్పింది. వాడు ఆగిన ప్రతి స్టాపులోనూ మెట్టుమీద నిలబడి అరవడం మొదలుపెట్టాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. నా 'విచ్చేయవలసినదిగా' ఎవడి నోటా పట్టలేదు కానీ, ఈ పిలుపు వారం తిరిగేసరికి డిపోలో అందరి నోళ్ళలోనూ ఉంది. ప్రయాణికులు నవ్వేవారట. చంటి అన్న ముద్దుపేరుకి మన ఇళ్ళలో కొదవేముంది? ప్రతి స్టాపులోనూ ఎవడో ఒకడు "ఏంటి?" అంటూ వచ్చేవాడు. ఒకచోట డెబ్భై ఏళ్ళ తాత కూడా వచ్చాడు. ఎలా గుర్తుపట్టాలని కండక్టర్లు తలపట్టుకున్నారు.

"పిలవగానే వచ్చేవాడు మావాడు కాదు. మూడు పిలుపులు పడాలి" అంది మైకమ్మ.

ఇరవై రోజులు గడిచాయి. ఒక్కొక్క కండక్టరే తిరిగొచ్చి తల అడ్డంగా ఊపి పోతున్నాడు. ఆమె తిండి తగ్గి, చీపురుపుల్లలా అయిపోయింది. ఒక మధ్యాహ్నం ఆమె బల్లమీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ఉండగా, ఇంక చాలమ్మా, నిన్ను నువ్వు చంపుకుంటున్నావు అందామని వెళ్ళాను. నోరు తెరవబోతే నా కౌంటరులో ఫోను మోగింది. తిట్టుకుంటూ వెనక్కొచ్చి ఎత్తాను.

బొంగురు గొంతు. ఒకటిన్నర రోజు ప్రయాణం దూరంలో, బస్సులు భోజనానికి ఆగే చోట, హోటలు వెనకాల తొట్టి దగ్గర కంచాలు కడిగే మనిషొకడు ఉన్నాడట. గడ్డం రొమ్ముదాకా ఉందట. హోటలువాళ్ళు మూగవాడనుకుంటున్నారట. జేబులనిండా టికెట్లట.

"పిలిచానండీ. వెనక్కి తిరగలేదు. కానీ నోరు విప్పాడు" అన్నాడు.

ఏమన్నాడని అడిగాను.

"రాను పో అన్నాడండీ."

నేను ఫోను వదిలేసి పరిగెత్తాను. నా మోకాళ్ళతో పరిగెత్తాను. ఆమెకి ఏం చెప్పానో గుర్తులేదు. 'రాను పో' అన్న రెండు ముక్కలే చెప్పి ఉంటాను. ఆమె బల్ల కింద దూరి ఇవతలికొచ్చి, నా కౌంటరుకి పరిగెత్తింది. ఫోను చెవికి ఆనించుకుంది. అవతల కండక్టరు రెండోసారి కూడా పిలిచానమ్మా, ఉలుకూ పలుకూ లేదు, మూడోది నువ్వే పిలు, స్పీకరు పెట్టి వాడి దగ్గర పట్టుకుంటున్నా అని అరుస్తున్నాడు.

పైన మెషీన్ ఆమె గొంతుతోనే ఏదో బస్సు బయలుదేరునని చెబుతోంది. అది ఆగేదాకా ఆగింది. కళ్ళు మూసుకుంది.

"ఒరేయ్ చంటీ" అంది.

నేను చెవి ఫోనుకి దగ్గరగా పెట్టాను. నీళ్ళలో కంచం జారిన చప్పుడు. తరవాత చెప్పులు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు, నెమ్మదిగా, అలిగిన చప్పుడు. అది దగ్గరికొచ్చి ఆగింది. చాలాకాలం మాట్లాడని గొంతు, తుప్పుపట్టిన గొంతు, ఆమెనే తప్పుపట్టింది.

"ఇన్నిరోజులూ నన్ను పిలవలేదేంటక్కా?"

ఆమె బల్లమీద తల వాల్చేసి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా వణికిపోయింది. జవాబు చెప్పవలసింది నేను. నేను రాసిన ఆ విజ్ఞప్తి కౌంటరు గోడకి ఇంకా అతికించే ఉంది. లేచి దాన్ని పీకేశాను.